దాదాపు నీడ

తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. దీపం వెలుగుతుండగా లోపలికి ప్రవేశము లేదు అని దాని కింద రాసి ఉంది. ఆ వాక్యాన్ని ఆయన ఇప్పటికి పదిహేనుసార్లు చదివాడు. ప్రవేశము ఎందుకు, ప్రవేశం చాలదా, లోపలికి కాక బయటికి ప్రవేశిస్తారా ఎవరైనా, ఆ లోపలికి కొట్టేయొచ్చు అని బుర్రలో ఎవరో దిద్దుతున్నారు, వద్దు మొర్రో అంటున్నా వినకుండా ముప్ఫై ఒక్క ఏళ్ళ పదకోశం పని నేర్పిన అలవాటు తన పని తాను చేసుకుపోతోంది. ఆ తలుపు వెనక ఆయన భార్య పడుకుని ఉంది. తొడ దగ్గర రక్తనాళంలోకి సన్నటి తీగ ఒకటి ఎక్కించి, పొట్ట దాటించి, గుండె పక్కనుంచి, మెడలోంచి తల దాకా తీసుకెళ్ళి, అక్కడ అడ్డం పడ్డ నెత్తుటి గడ్డను పట్టి లాగుతారట. గంట పట్టొచ్చు అంది డాక్టరమ్మ. గోడ గడియారంలో పదకొండూ అయిదు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. వచ్చినదల్లా అలసట, మోకాళ్ళలో బయలుదేరి కళ్ళ దాకా ఎక్కి అక్కడ తిష్ఠ వేసిన అలసట. ఈ ప్లాస్టిక్ కుర్చీలోనే నిద్రపోతానేమో అని భయంగా ఉంది. నిద్రపోయినా ఎవరూ ఏమీ అనరు, పాపం పెద్దాయన అనుకుంటారు. అసలు సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ చిన్నదే, ఆయన భార్య దగ్గర బళ్ళో చదువుకున్న పిల్లల ఈడు ఉంటుంది. తల బొమ్మను కంప్యూటరు మీద చూపించి, ఎడమవైపు గోరంత గులాబీ రంగు మచ్చ మీద వేలు పెట్టి, ఇది పోయినట్టేనండీ అంది. దాని చుట్టూ దానికి నాలుగింతలు ఆకుపచ్చ. "ఇది మాత్రం ఇంకా పోలేదు. రక్తం అందక పని మానేసింది, అంతే. గడ్డ తొందరగా తీస్తే తిరిగొస్తుంది, లేటయితే ఇదీ ఆ మచ్చలో కలిసిపోతుంది. మాట్లాడే శక్తి అంతా ఇక్కడే ఉంటుందండీ. దీన్ని మేం పెనంబ్రా అంటాం. తెలుగులో ఏమంటారో నాకు తెలీదు." ఆయనకు తెలుసు. తెలుగులో ఏమంటారో ఎవరికైనా తెలిస్తే ఆయనకే తెలియాలి, ఆ ఒక్క మాట మీద ఆయన ఇంట్లో పన్నెండేళ్ళుగా వ్యాజ్యం నడుస్తోంది. చెప్పబోయి నోరు కూడా తెరిచాడు. తెరిచి, సంతకం ఎక్కడ పెట్టాలమ్మా అని అడిగాడు.

పెనంబ్రా. లాటిన్ మాట. పేనె అంటే దాదాపు, అంబ్రా అంటే నీడ, గొడుగుకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరులో ఉన్నదీ ఆ నీడే. నాలుగు వందల ఏళ్ళ కిందట గ్రహణాల లెక్కలతో కుస్తీ పడుతున్న ఖగోళ శాస్త్రజ్ఞుడొకడికి, చిక్కటి నీడ చుట్టూ నీడా కాని వెలుతురూ కాని పట్టీ ఒకటి ఉంటుంది కదా దానికో పేరు లేకపోతే ఎలా అనిపించి, ఈ రెండు మాటలూ తెచ్చి కలిపి కుట్టాడు. ఆ పేనెయే పెనిన్సులాలోనూ ఉంది, దాదాపు ద్వీపం. మనవాళ్ళు దానికి ద్వీపకల్పం అన్నారు, ఎంత చక్కగా అన్నారో, కల్పం అంటే కొంచెం తక్కువైనది, ద్వీపం కావడానికి రవ్వంత తక్కువ. ఆ లెక్కన పెనంబ్రా ఛాయాకల్పం. ఈ సంగతి తట్టిన రోజున ఆయన చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. ఆవిడ ఉల్లిపాయ తరుగుతూ విని, ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, బాగుంది పదకోశం గారూ, కల్పం అంటే మా ఎనిమిదో తరగతివాళ్ళు కొన్ని కోట్ల ఏళ్ళనుకుంటారు అంది. పోనీ పుస్తకాల్లో ఉన్న ఉపచ్ఛాయ ఉంచేద్దాం అన్నాడు. ఉప అంటే ఏమిటండీ, ఉపాధ్యక్షుడా, అసలు నీడ సెలవు పెడితే ఇది వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుందా అంది. పాక్షికచ్ఛాయ అంటే ముఖం చిట్లించింది. ఆవిడకు కావలసినది దాదాపు నీడ. శాస్త్రం పుస్తకంలో దాదాపు అని ఎలా రాస్తాం, నవ్విపోరూ అని ఆయన. "అక్కడున్నదే దాదాపు. దాన్ని తీసేసి మిగతాది ఉంచుకుని ఏం చేసుకుంటారు?" అని ఆవిడ. ఆ మాట రాసుకున్న చీటీ అలాగే ఉండిపోయింది. ఆయన కూరుస్తున్న పదకోశంలోని పద్దెనిమిది వేల మాటల్లో అన్నీ తేలాయి, అదొక్కటీ తేలలేదు.

బళ్ళో ఆవిడను నీడల టీచరు అనేవాళ్ళు. భౌతికశాస్త్రంలో ఇంకా బోలెడు పాఠాలున్నా పిల్లలకు గుర్తుండేది నీడల పాఠమే, కిటికీలు మూసి దీపం వెలిగించేది కనుక. ఈ తగాదా తెగక ఒక సాయంత్రం ఆయనకూ ఆ పాఠం చెప్పింది. మంచం పక్క దీపం ముందు టెన్నిసు బంతి పట్టుకుని నిలబడి, గోడ దగ్గరికి వెళ్ళండి, నీడ నట్టనడుమ చెంప ఆనించి దీపం వైపు చూడండి అంది. ఏమీ కనిపించడం లేదు అన్నాడు. కొంచెం పక్కకు జరగండి, మసక అంచులోకి. ఆయన గోడకు బల్లిలా అంటుకుని జరిగాడు. బంతి వెనకనుంచి దీపం ఒక చీలికలా బయటికొచ్చింది. "కనిపిస్తోందా? అదే అర్థం. అక్కడ నిలబడి చూస్తే దీపం ఇంకా కొంచెం కనిపిస్తుంది. ఈ ఒక్క వాక్యం రాయండి చాలు." రాశాడు, రాయకేం. కిందటి నెల చివరి ప్రూఫులో పేజీకి రెండు పంక్తులు ఎక్కువయ్యాయని ఆ వాక్యమే కొట్టేశాడు, నీడ చుట్టూ ఉండే మసక ప్రదేశం అన్నది చాల్లే అనుకున్నాడు. ఆవిడకు చెప్పలేదు. ఇప్పుడు ఆ గులాబీ మచ్చ చుట్టూ ఉన్న ఆకుపచ్చలో ఆవిడ నిలబడి ఉంది. అక్కడినుంచి ఆవిడకు ఇంకా కొంచెం కనిపిస్తోందా. ఏమో. ఎదురుగోడ మీద పటం ఒకటి వేలాడుతోంది, మెదడుకు రక్తం ఆగితే నిమిషానికి పంతొమ్మిది లక్షల కణాలు చనిపోతాయట, ఆలస్యం చేయకండి అని పెద్దక్షరాలు. నలభై పెట్టి హెచ్చవేయడం ఆయనకు ఇష్టం లేదు. ఏడు కోట్ల అరవై లక్షలు.

నలభై నిమిషాలు. ఇదీ అసలు సంగతి. పొద్దున ఎనిమిదిన్నరకు ఆవిడ బాగానే ఉంది, పేపరులో పెద్దక్షరాల వార్త పైకి చదివి, ఇందులో మూడు తప్పులున్నాయి వెతుక్కోండి అని ఆయన మీదికి విసిరింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని వెతుక్కుంటున్నాడు. అప్పుడు ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టి, కిటికీ చల్లారిపోతోంది, తాగండి అంది. ఆయనకు పట్టరాని సంతోషం వేసింది. ఇప్పుడు ఆలోచిస్తే అన్నిటికన్నా మింగుడుపడనిది ఆ సంతోషమే. వీధివాళ్ళు ఆయన్ని చీటీలాయన అంటారు, కూరలమ్మి నోట కొత్త మాట వచ్చినా, బస్సులో ఎవరో ఎవరినో కొత్తరకంగా తిట్టినా, జేబులోంచి చీటీ తీసి మాట, అన్నది ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు అని రాసుకోవడం ఆయన పద్ధతి. టైము లేని చీటీ సాక్షి లేని సంతకం అని కింద పనిచేసిన కుర్రవాళ్ళను కోప్పడిన మనిషి. ఆవిడ కూడా తక్కువది కాదు, ఆయన్ని ఉడికించడానికి అప్పుడప్పుడూ లేని మాటలు పుట్టించి వదిలేది, ఆయన రాసుకున్నాక నవ్వేది. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. చల్లారే కిటికీ. తలెత్తకుండానే చీటీ తీసి రాశాడు. భార్య, ఇంట్లో, ఎనిమిదీ నలభై.

ఎనిమిదీ యాభై రెండుకు, నా ఉత్తరం జారిపోతోంది అంది. ఉత్తరమా, ఏ ఉత్తరం అన్నాడు. ఆవిడ కుడి చెయ్యి బల్ల మీదినుంచి కిందికి వేలాడుతోంది, అది కంటికొసన కనిపించింది కూడా. కనిపించడం వేరు, చూడడం వేరు. ఇవాళ మంచి ఊపు మీదున్నావే అని రెండో చీటీ రాశాడు. ఆ తరవాత ఆవిడ ఏమీ మాట్లాడక కుర్చీలో కూర్చుంది. రాసుకోవడంలో పడి సరిగా పలకలేదని అలిగిందేమో, కాసేపయితే తనే తేలుతుంది అనుకున్నాడు. తరవాత, తొమ్మిదింపావు ప్రాంతంలో, ఏవండీ అంది. మళ్ళీ ఏవండీ అంది. ఇంకోసారి. మూడుసార్లు. అది మామూలు మాట. అది రాసుకోవలసిన మాట కాదు. దాని టైము ఆయన దగ్గర లేదు. ఊఁ అన్నాడు, అంతే, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ పిలుపుకు ఆయన ఇచ్చే జవాబు అదే, తల పేపరులోనే ఉంది, మూడో తప్పు దొరకలేదు. తొమ్మిదీ ఇరవైకి గ్లాసు కింద పడి పగిలింది. అప్పుడు తలెత్తి చూశాడు. సగం ముఖం ఆవిడది కాదు.

మొదటి తేడా ఎన్నింటికి కనిపించిందో కచ్చితంగా చెప్పండి, దాన్నిబట్టే వైద్యం, అని డాక్టరమ్మ అడిగినప్పుడు నోటితో చెప్పలేక మొదటి చీటీ తీసి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల దాన్ని చదివి, ఆయన ముఖంలోకి చూసి, "అందరూ ఇంచుమించుగా చెబుతారండీ. ఇంత సరిగ్గా ఎవరూ చెప్పరు. చాలా మేలు చేశారు" అంది. మేలు. చీటీని కేసు కాగితాలకు పిన్ను కొట్టి తీసుకుపోయింది. రెండో చీటీ ఆయన జేబులోనే ఉంది, గుండెకు ఆనుకుని, ఒక చిన్న కాగితం ముక్క ఇంత బరువుంటుందని తెలియదు. ఆవిడ బతుకుతుందా అన్నది ఇప్పుడు భయం కాదు, బతుకుతుందనే అంటున్నారు. బతికి మాట లేకపోతే. ఏవండీ కూడా లేకపోతే. మృతప్రాయం అన్న మాట ఎక్కడినుంచో వచ్చింది, ప్రాయం, అదీ దాదాపే, పేనెకు ప్రాయం కూడా సరిపోతుంది కదా, ఛాయాప్రాయం, ఛీ, ఛీ, సిగ్గు లేదా నీకు అని తన తొడ మీద తనే గిల్లుకున్నాడు. పక్క వరసలో కూర్చున్న ముసలమ్మ చూసి మొహం తిప్పుకుంది.

పదకొండూ నలభైకి బావమరిది వచ్చాడు, ఆవిడ తమ్ముడు, బస్సు డిపోలో మెకానిక్కు, చేతుల మీద గ్రీజు అలాగే ఉంది. వీళ్ళ పెళ్ళినాటికి వాడు పదేళ్ళవాడు, అక్క వెనకే తిరుగుతూ ఆ అక్కతో పాటు సగం ఈ ఇంట్లోనే పెరిగాడు. వచ్చీ రాగానే తలుపు మీది ఎర్ర దీపం చూశాడు, తరవాత బావను చూశాడు. గడ్డ, తీగ, గంట, ఆకుపచ్చ, అన్నీ వరసగా చెప్పాడు ఆయన, ఎవరి గురించో చదివి వినిపిస్తున్నట్టు చెప్పాడు. వాడు అన్నీ విని మెకానిక్కు అడగవలసిన ప్రశ్నే అడిగాడు, ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి ఫోన్ చేశావు అని. ఎనిమిదీ నలభై అన్నాడు ఆయన. తొమ్మిదీ ఇరవై అన్నాడు. ఇక్కడే అబద్ధం ఆడొచ్చు. స్నానానికి వెళ్ళాను అనొచ్చు, కూరలకు వెళ్ళాను అనొచ్చు, వాడు నమ్ముతాడు, వాడికి బావంటే చదువుకున్న మనిషన్న గౌరవం.

"మధ్యలో నలభై నిమిషాలు ఏం చేశావు బావా?"

ఆయన జేబులోంచి రెండో చీటీ తీసి ఇచ్చాడు. "రాసుకుంటున్నాను" అన్నాడు.

వాడు చీటీ చదివాడు. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తిట్టి ఉంటే బాగుండేది, చొక్కా పట్టుకున్నా బాగుండేది, నలుగురూ వచ్చి విడిపించేవాళ్ళు. వాడు చీటీ నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చేసి, చేతులు కడుక్కొస్తానని వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు, వచ్చి పక్క కుర్చీ వదిలి దాని పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఖాళీ కుర్చీ కేసి ఇద్దరూ చూడలేదు. చెప్పేస్తే తేలికవుతుందంటారు, తేలిక కాలేదు, అలసట ఇంకో మెట్టు ఎక్కింది, అంతే. అయితే ఒకటి జరిగింది, లోపల దిద్దేవాడు నోరు మూసుకున్నాడు. తలుపు మీది వాక్యం ఉత్త తలుపు మీది వాక్యంలా ఉంది. మిగిలిన కాసేపూ ఆయన ఒక్కటే అనుకున్నాడు, ఆ కొట్టేసిన వాక్యం తిరిగి పెట్టేస్తాను, పేజీ పెరిగితే పెరగనీ, దాదాపు నీడ అనే పెడతాను, నువ్వు ఊరికే లేచి మాట్లాడు, నన్ను పదకోశం గారూ అని వెక్కిరించు, నా తప్పులు మూడు కాదు మూడు వేలు వెతుకు. ఎవరితో బేరమాడుతున్నాడో ఆయనకే తెలియదు.

పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలుండగా ఎర్ర దీపం ఆరింది. డాక్టరమ్మ నెత్తి మీది గుడ్డ తీసుకుంటూ బయటికి వచ్చి గడ్డ వచ్చేసిందండీ, ఒక్క లాగుకే వచ్చింది అంది. మరి మాట అన్నాడు ఆయన. పచ్చభాగం చాలావరకు నిలుస్తుందనే అనుకుంటున్నాం, ఎంతవరకన్నది ఇవాళే చెప్పలేం, కొన్నాళ్ళు ఒక మాట బదులు ఇంకో మాట రావచ్చు, విసుక్కోకండి అంది. ఆయన తల ఊపాడు. ఆ నలభై నిమిషాల సంగతి ఆమెకూ చెప్పాలనుకున్నాడు, ఆమె అప్పటికే ఇంకెవరి బొమ్మో చూడడానికి వెళ్ళిపోతోంది.

రెండింటికి లోపలికి వదిలారు. ఒకరే వెళ్ళాలి అంటే బావమరిది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆవిడ చిన్నదైపోయింది. ముక్కుకు గొట్టం, చేతికి గొట్టం, కుడివైపు పెదవి ఇంకా కొంచెం జారే ఉంది. ఎడమ కన్ను ఆయన్ని గుర్తుపట్టింది, ఆ తరవాత కుడి కన్ను. ఆయన స్టూలు లాక్కుని ఆవిడ గోళ్ళు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవిడ గొంతు కదిలింది. "కిటికీ" అంది.

మళ్ళీ అదే. అంతా చేసి మళ్ళీ పొద్దుటి దగ్గరికే వచ్చారు. విసుక్కోకూడదు, విసుక్కోకూడదు. టీ అడుగుతోంది అని నర్సుతో చెప్పాడు, మింగడం వచ్చిందో లేదో చూశాకే ఏదైనా ఇస్తామండీ అంది నర్సు. ఇప్పుడు తాగకూడదట, సాయంత్రం ఇస్తారట అని ఆవిడకు మెల్లిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసి తెరిచింది. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. ఆ కనుబొమ్మ ఆయనకు బాగా తెలుసు, లెక్క తప్పు చేసిన వెనక బెంచీ పిల్లవాడి మీద లేచేది అదే, కల్పం విన్న రోజున లేచింది అదే. "కిటికీ" అంది మళ్ళీ, కొంచెం గట్టిగా.

"తెలుసు, సాయంత్రం ఇస్తారు" అన్నాడు ఆయన.

గుమ్మం దగ్గరనుంచి బావమరిది అన్నాడు, "బావా, కిటికీ అంటోంది. నీ వెనక. తెర వేసుంది చూడు."

ఆయన వెనక్కి తిరిగాడు. స్టూలు వెనక నిజంగానే కిటికీ ఉంది, బూడిదరంగు తెర కింది దాకా దించి ఉంది, గది అందుకే అంత మసగ్గా ఉంది. ఆవిడ ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం లేచి అటే చూపిస్తోంది. లేచి తాడు పట్టుకున్నాడు, మొదటిసారి రాలేదు, రెండోసారికి తెర సగం దాకా లేచి ఇరుక్కుంది. వెలుతురు మంచం కాళ్ళవైపు నుంచి ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. అలవాటుగా ఆయన చెయ్యి జేబులోని తెల్ల చీటీల మీదికి వెళ్ళింది. అక్కడే ఉంది చెయ్యి.

"ఏవ..." అంది ఆవిడ వెనకనుంచి. మిగతా సగం రాలేదు.

ఆయన ఊఁ అనలేదు. చెయ్యి బయటికి తీసి, తిరిగి, ఆవిడ ముఖంలోకి చూశాడు.